మైనపు కాగితముపై తెలుగు

అచ్చుకూటమునకు పోవు స్తోమతుగాని వ్యవధిగాని లేని బడులకును, సంఘములకును, చిన్న కచేరీలకును చిరకాలము అచ్చుకూటమై నిలిచినది సైక్లోస్టైలు యంత్రము. హంగేరీలో జన్మించి లండనులో స్థిరపడిన డేవిడ్ గెస్టెట్నర్ 1881లో పేటెంటు పొందిన కలము కొనకు సన్నని పండ్లచక్రము ఉండెడిది. దానితో మైనపు కాగితముపై వ్రాసిన మేర సూక్ష్మరంధ్రములు పడగా, వాని గుండ సిరా దిగి అడుగు కాగితమున అక్షరమై నిలుచును. పిదప త్రిప్పుడు పిడియు, సిరా నింపిన డోలును వచ్చి చేరినవి.

ఆంగ్లమున పని సులభము. టైపుమిషను రిబ్బను మీటను తెల్లగుర్తుకు త్రిప్పి, అచ్చు నేరుగా స్టెన్సిలుపై, అనగా ఆ మైనపు కాగితముపై, పడునట్లు కొట్టిన చాలును. తప్పు దొరలినచో ఎర్రని ద్రవము పూసి, ఆరిన పిమ్మట మరల కొట్టుదురు. అయితే 'ఓ' వంటి గుండ్రని అక్షరమును బలముగా కొట్టినచో నడిమి భాగము ఊడిపోయి, ప్రతిలో నల్లని బొట్టుగా దిగును.

అక్షరములన్నియు గుండ్రనివే అయిన మన భాష గతి యేమి? 1966లో అధికారభాషా శాసనము వచ్చిన పిదప సైతము తెలుగు టైపుమిషను పల్లెబడుల గడప త్రొక్కుట అరుదు గనుక, దస్తూరి కుదిరిన తెలుగు పండితుడో, డ్రాయింగు మాస్టరో ఉక్కుమొన కలము పట్టి, స్టెన్సిలు క్రింద పలకను ఉంచి, సున్న మూసికొను చోట చేతిని తేల్చుచు పుటలకు పుటలు వ్రాయవలసి వచ్చెడిది. తాటాకు చిరుగకుండ గంటము నడిపిన వ్రాయసకాండ్రకు ఈ విద్యలో వారసులు వీరే యని నా తలంపు; అంతటి నైపుణ్యమునకు జీతములో పైసా పెరిగినట్లు నేనెరుగను.

పరీక్షల నాళ్లలో ఈ యంత్రమునకు రాజమర్యాద. ప్రధానోపాధ్యాయుడు గది తలుపు మూయించి, ప్యూను పిడి త్రిప్పుచుండ, ఒకటి కొకటి అంటుకొను ప్రతులను స్వయముగా విడదీసి లెక్కించుకొనెడివాడు. వాడిన స్టెన్సిలును వెలుగునకు పట్టిన ప్రశ్నలన్నియు చదువుకొనవచ్చును. కావున దానిని కాల్చి బూడిద చేసినదాక ఆయనకు మనసు కుదుటపడెడిది కాదు.

ప్రభుత్వమునకును దీనిపై ఒక కన్ను ఉండక పోలేదు. 1867 నాటి ముద్రణాలయ, గ్రంథ నమోదు చట్టము అచ్చు అను మాటకు చెప్పిన నిర్వచనములోనికి కాలక్రమమున సైక్లోస్టైలు కూడ చేరినది. అనగా పల్లెబడి గదిలోని డోలుయంత్రమునకును పట్టణములోని అచ్చుకూటమునకును ఆ చట్టము దృష్టిలో భేదము లేకుండెనన్నమాట. 1975 జూనులో అత్యవసర పరిస్థితి విధించి పత్రికల నోరు కట్టినపుడు, ముద్రాపకుని పేరులేని సైక్లోస్టైలు కరపత్రములు చాటుగా చేతులు మారినవి. మోతకు బరువైనను విద్యుత్తుతో పనిలేని యంత్రము గనుక ఏ మారుమూల ఇంటనైనను పిడి త్రిప్పి ప్రతులు తీయుటకు వీలుండెను.

అటుపిమ్మట జెరాక్సు వచ్చి స్టెన్సిలుతోబాటు దానిని వ్రాయు చేతికిని పని లేకుండ చేసినది. ఆ పాత చట్టము మాత్రము 2024 మార్చి 1న క్రొత్త శాసనము అమలులోనికి వచ్చువరకు, సైక్లోస్టైలు ఊసుతో సహా, చెక్కుచెదరక నిలిచియుండెను.