విషాద నాయకుడెవరు? సారంగధరుడా, రాజరాజా?

బేతంచెర్లకు పడమటనున్న బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) మంగళాంతమే తగునన్న సంస్కృత సంప్రదాయాన్ని దాటి ‘విషాద సారంగధర’ రచించారు. తెలుగులో తొలి విషాదాంత నాటకమని దానికి పేరు. సవతితల్లి చిత్రాంగి మోపిన నిందకు సారంగధరుడు బలియవుతాడు. యూరిపిడీస్ ‘హిప్పోలిటస్’ (క్రీ.పూ. 428)లోనూ ఇట్టి నిందే.

అయితే నిర్దోషి పతనం విషాద నాటకానికి తగదని అరిస్టాటిల్ మతం. నాయకుడు మంచివాడై యుండి, తన పొరపాటు వలననే పడిపోవాలి. ఆ లెక్కన నాటకానికి కుమారుని పేరున్నా, విషాద నాయకుడు తండ్రి రాజరాజ నరేంద్రుడే. (చరిత్రకు తెలిసిన ఆయన కుమారుడు కులోత్తుంగుడు; సారంగధరుని మనకిచ్చినది కథ.) రాజు విచారించకుండా శిక్ష విధించాడు, నిజం తెలిసేసరికి అది అమలైపోయింది. యోసేపు విషయంలో పోతీఫరు కూడ భార్య మాటే నమ్మాడు, కోపించాడు, కాని చెరసాలలో వేయించి ఊరుకున్నాడు (ఆది. 39:20).