తుప్పుకు కవచం: మెహ్రౌలీ స్తంభం నుంచి పాంబన్ వంతెన వరకు

ఢిల్లీలోని మెహ్రౌలీలో, కుతుబ్ మినార్ ప్రాంగణంలో నిలిచి ఉన్న ఇనుప స్తంభాన్ని గురించి వినని భారతీయుడు అరుదు. ఏడు మీటర్లకు పైగా ఎత్తు, ఆరు టన్నులకు పైగా బరువు గల ఈ స్తంభంపై చంద్రుడనే రాజును కీర్తించే శాసనం ఉంది. ఆయన గుప్తవంశపు రెండవ చంద్రగుప్తుడేనని చరిత్రకారుల్లో అధికుల అభిప్రాయం. దాదాపు పదహారు వందల సంవత్సరాలుగా ఎండకు ఎండి వానకు తడిసినా, ఈ ఇనుము తుప్పుకు ఆహుతి కాలేదు.

ఈ విశేషం శాస్త్రజ్ఞులను చాలాకాలంగా ఆకర్షిస్తూనే ఉంది. 1912లో ఆంగ్ల లోహశాస్త్రజ్ఞుడు రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ ఈ లోహాన్ని రసాయనికంగా విశ్లేషించాడు. తరువాత కాన్పూర్ ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్. బాలసుబ్రమణ్యం పరిశోధనలు దీని రహస్యాన్ని చాలావరకు వివరించాయి. ఆనాటి కమ్మరులు కొలిమిలో సున్నపురాయి కలపలేదు. అందువల్ల ముడి ఖనిజంలోని భాస్వరం చిట్టెంతోపాటు బయటికి పోక ఇనుములోనే మిగిలింది. వాన తడి, ఎండ వేడి మారిమారి తగిలినకొద్దీ ఆ భాస్వరం స్తంభం ఉపరితలంపై పలుచని ఫాస్ఫేటు పొరగా ఏర్పడింది. అంటే, తుప్పే తుప్పును అడ్డుకొనే కవచమయింది. బయటినుంచి ఏ పూతా పూయకుండానే సిద్ధించిన రక్షణ ఇది.

అయితే, ఈ కథకు మరో పార్శ్వం కూడా ఉంది. భూమిలో పాతిన భాగానికి ఆరుబయటి గాలి, ఎండ అందవు. అక్కడ ఆ పొర రక్షణ చాలదు. ఆ అడుగుభాగానికి సీసపు రేకు తొడిగి ఉండడం గమనార్హం. ప్రకృతి సహకరించని చోట మనిషి సీసాన్ని ఆశ్రయించాడు. పారిశ్రామిక యుగంలో ఈ ఆశ్రయమే పెద్ద సమస్యగా పరిణమించింది.

పంతొమ్మిదవ శతాబ్దంలో రైలు పట్టాలు, వంతెనలు, ఓడలు, బాయిలర్లు వెల్లువగా వచ్చాయి. వాటికి వాడిన ఇనుము వేరు, గుప్తుల కాలపు ఇనుము వేరు. బట్టీల్లో భారీగా తయారయ్యే ఉక్కులో భాస్వరం దోషంగా పరిగణింపబడింది. దాన్ని ఉద్దేశపూర్వకంగా తొలగించారు. కాబట్టి కవచాన్ని బయటినుంచి తొడగవలసి వచ్చింది. ఇందుకు రెండు మార్గాలు ప్రధానంగా ప్రచారం పొందాయి. మొదటిది జింకు పూత. 1837లో ఫ్రెంచి ఇంజనీరు సోరెల్ కరిగిన జింకులో ఇనుమును ముంచే పద్ధతికి పేటెంటు పొందాడు. జింకు తాను ముందుగా క్షయిస్తూ ఇనుమును కాపాడుతుంది. ఆ జింకును ఖనిజం నుంచి బట్టీపట్టి తీయడంలో మన రాజస్థాన్‌లోని జావర్ శతాబ్దాల క్రితమే ఆరితేరి ఉంది. అక్కడి పాత కొలుములు 1983లో వెలుగుచూశాయి.

రెండవ మార్గం సీస సిందూరం. అవిసె నూనెలో కలిపి పూసిన ఈ ఎర్రని రంగు ఇనుముపై గట్టిగా పట్టి తుప్పును నిరోధిస్తుంది. వంతెనలకు, ఓడలకు తరతరాలుగా దీన్నే పూశారు. దీనికి తోడు పసుపు రంగు జింకు క్రోమేటు వచ్చింది. ఇవి ఇనుమును కాపాడాయి కానీ, పూసినవారినీ గీకినవారినీ కాపాడలేదు. పాత రంగు గీకేటప్పుడు లేచే సీసపు ధూళి రక్తంలో చేరి నరాలను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఆరు సంయోజకత గల క్రోమియం క్యాన్సరు కారకం.

ఈ ప్రమాదాన్ని ప్రపంచం గుర్తించకపోలేదు. 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ భవనాల లోపలి గోడలకు సీసపు సున్నం వాడకాన్ని నిషేధిస్తూ ఒడంబడిక చేసింది. కానీ రైల్వే స్టేషన్లకు, పారిశ్రామిక సంస్థలకు మినహాయింపునకు అందులోనే తావిచ్చింది. మన దేశంలో 2016లో వెలువడిన నియమాలు రంగుల్లో సీసాన్ని పది లక్షల భాగాలకు 90 భాగాలకు పరిమితం చేశాయి. అవి 2017 నవంబరులో అమలులోకి వచ్చాయి. వాటి పరిధి గృహ, అలంకరణ రంగుల వరకే. పారిశ్రామిక రంగులు వాటిలో చేరలేదు. ఇంటిగోడకు అందిన రక్షణ వర్క్‌షాపులో బ్రష్షు పట్టిన చేతికి అందలేదు. దాదాపు ఒక శతాబ్దం గడిచినా మినహాయింపు మారలేదన్న సంగతి ఆలోచింపజేస్తుంది.

ఇక ప్రత్యామ్నాయాలు లేవా? ఉన్నాయి. మన దేశంలో ఈ విద్యకు ఒక కేంద్రం కారైక్కుడి. దాత అళగప్ప చెట్టియార్ ఇచ్చిన 300 ఎకరాల భూమిలో, 1948లో నెహ్రూ శంకుస్థాపన చేసిన కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థను 1953 జనవరిలో సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. లోహక్షయం ఆ సంస్థ ప్రధాన పరిశోధనాంశాల్లో ఒకటి. సీసం, క్రోమేటుల స్థానంలో జింకు ఫాస్ఫేటు, ఆవిరయ్యే ద్రావకాల స్థానంలో నీరు, ద్రావకమే అక్కరలేని పొడిపూత, జింకు సిలికేటు వాడుకలోకి వచ్చాయి. మెహ్రౌలీ స్తంభాన్ని కాపాడిన ఫాస్ఫేటు ఈ విధంగా మళ్లీ రంగప్రవేశం చేయడం చరిత్రలోని ఒక ఆవృత్తి.

మరో ఉదాహరణ మన జీడితోటల నుంచి వస్తుంది. జీడిపెంకు నుంచి తీసే నూనెలోని కార్డనాల్‌తో తయారయ్యే గట్టిపరచే పదార్థాలు ఎపాక్సీ పూతలను తడి ఉపరితలంపై సైతం, చలిలో సైతం బిగుసుకొనేలా చేస్తాయి. ఓడలకు, సముద్రతీర నిర్మాణాలకు ఇవి ఉపయోగపడుతున్నాయి. జీడిపప్పుకు పేరుమోసిన శ్రీకాకుళం జిల్లా పలాస వంటి చోట్ల వృథా అనుకొనే పెంకుకు ఇది విలువ తెచ్చే మార్గం. అయితే ఆ నూనె చర్మాన్ని కాల్చే ద్రవం. కాయలు ఒలిచే స్త్రీల వేళ్లను అది పొక్కిస్తుంది. చెట్టు నుంచి వచ్చినంత మాత్రాన ఏదీ నిరపాయం కాదు. పర్యావరణ హితమన్న మాటను నదికి, గాలికి మాత్రమే కాక, పనిచేసే చేతులకు కూడా వర్తింపజేసి చూడాలి.

రామేశ్వరానికి దారితీసే పాంబన్ వంతెన ఈ కథకు తగిన ముగింపు. 1914లో ఆరంభమైన పాత వంతెన ఉప్పుగాలితో పోరాడుతూ, 1964 డిసెంబరు తుపానులో తీవ్రంగా దెబ్బతిన్నా మరమ్మతుతో తిరిగి నిలిచి, 2022 డిసెంబరు వరకు రైళ్లను మోసింది. దాని పక్కనే నిర్మించిన కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైంది. ఉప్పుగాలి కోతను తట్టుకొనేందుకు దానికి పాలీసిలోక్సేన్ పూత పూశారు. ఆ పూత ఎన్నేళ్లు నిలుస్తుందో కాలమే చెప్పాలి. వంతెనకు తొడిగే కవచం గట్టిదా అని ఇంజనీరు అడుగుతాడు. దాన్ని తొడిగే మనిషికి కవచం ఉందా అని చట్టం చేసేవారు అడగాలి. మెహ్రౌలీ స్తంభాన్ని కాపాడిన పొర ఎవరి ఊపిరినీ బలిగొనలేదు. భారీ పరిశ్రమలు కోరుకోవలసిన పూత కూడా అటువంటిదే.