వృక్షవీథి – నంద్యాలసీమ

వీథి యనఁగా నేఁటి తెలుఁగువానికి నిండ్లవరుసల నడిమి త్రోవయే తోఁచును. అమరసింహుఁడు నామలింగానుశాసనమున నీ పదమును పురవర్గమునఁ జేర్పలేదు. అచట నూరి త్రోవకు రథ్య, ప్రతోలి, విశిఖ యను పేర్లు కలవు. వీథి కనఁబడునది వనౌషధివర్గమున. తోఁటల పేర్లు ముగిసినవెంటనే వీథి, ఆలి, ఆవలి, పంక్తి, శ్రేణి యని వరుసకుఁ బర్యాయపదములు చదువఁబడినవి. వరుస యను భావమును జెప్పుటకుఁ గోశకారునకు మొదట స్ఫురించినది చెట్లవరుస యని యూహించుట సాహసము గాదు. మన కర్షకుఁడు నాఁగటిచాలును సాలనును. బాటకిరుప్రక్కలఁ బెట్టిన మ్రాఁకులును సాలుచెట్లే. కోశకారుని వీథియుఁ గర్షకుని సాలును ఒకచోటనే కలిసికొనుచున్నవి.

ఆ వర్గముననే తోఁటల భేదములును గలవు. మనుష్యులు నాటి పెంచిన వనము ఆరామము. మంత్రులయు గణికలయు నింటితోఁట వృక్షవాటిక. అంతఃపురస్త్రీలకుఁ దగినది ప్రమదవనము. రాజుదయ్యును సాధారణమైన వనము ఆక్రీడము. దానికే యుద్యానమని నామాంతరము. ఈ సాధారణశబ్దమును బండితులు గమనింపవలెను. ప్రమదవనమునకు వేఱుగాఁ జెప్పఁబడుటచేత రాజోద్యానము గోడలనడుమ దాఁచిన సొత్తు గాదని తేలుచున్నది. తక్కినవారి ప్రవేశము దాని లక్షణములోనే చేరియున్నది.

రాజు నాటించిన చెట్టునీడ నందఱిదియు ననుమాటకు నంద్యాలసీమకుఁ బడమరగాఁ బ్రాచీనమైన సాక్ష్య మున్నది. గుత్తికిఁ జేరువనున్న ఎఱ్ఱగుడి గుండ్లమీఁద క్రీస్తునకుఁ బూర్వము మూఁడవ శతాబ్దమున నశోకుఁడు తన ధర్మలిపులఁ జెక్కించెను. వానిలో రెండవది మనుష్యులకును బశువులకును వైద్యము కల్పించుటను, ఓషధులు లేనిచోట్ల వానిని దెప్పించి నాటించుటను, త్రోవలలో నూతులు త్రవ్వించి చెట్లు పెట్టించుటను జెప్పును. స్తంభశాసనములలో నేడవదానియందుఁ దాను బాటలవెంట మఱ్ఱిచెట్లను నాటించితి ననియు, మామిడితోఁపులు పెంచితి ననియు నాచక్రవర్తియే చెప్పికొనెను. నీడ పశువులకుఁ గూడ నని యాతఁడు వేఱుగాఁ బేర్కొనుట బండ్లబాట యెఱిఁగినవారి కాశ్చర్యము గాదు. తరువాతి కాలమున వనప్రతిష్ఠ సప్తసంతానములలోఁ జేరినది. తనయుఁడు, తటాకము, కృతి, నిధానము, అగ్రహారము, దేవాలయము, వనము: ఈ యేడింటిలో రాజులు తఱచుగాఁ గోరినవి కృతియు దేవాలయమును. వనము నెంతమంది ప్రభువులు నిజముగాఁ బెంచిరో, ఎంతమందికది బిరుదపద్యములలోనే పెరిగినదో చెప్పుట కష్టము.

నంద్యాలప్రభువు లారవీటివంశమువారు, విజయనగరసామంతులు. వారిలోఁ గృష్ణమరాజు 16వ శతాబ్దమునఁ బింగళి సూరనార్యునిచేఁ గలాపూర్ణోదయమును గృతి నందెను. నంద్యాలకు వచ్చి రాజోద్యానమేది యని యడుగువానికి ముందుగాఁ జూపఁదగినది యీ గ్రంథమే. కట్టమంచి రామలింగారెడ్డిగారి కవిత్వతత్త్వవిచారము వెలువడినపిదపఁ బండితుల దృష్టి యిందలి కథాసంవిధానముమీఁదనే విశేషముగా నిలిచినది. తోఁటలను విచారించినవారు తక్కువ.

ఇందు ముఖ్యముగా రెండు తోఁటలు గలవు. మొదటిది ద్వారకయందలి యుద్యానము. వసంతమున నచటఁ గలభాషిణి చెలులతో నుయ్యెల లూఁగుచుండఁగా నారదుఁడును మణికంధరుఁడును నాకాశమునుండి చూతురు. ఇది దండ్యాదులు చెప్పిన యుద్యానవర్ణనకుఁ జెల్లునట్టిది, ప్రబంధపాఠకులకుఁ బరిచితమైనది. ఇందు విహరించువారే కాని పనిచేయువారు కనఁబడరు.

రెండవది కాశ్మీరమున శారదాపీఠమునందలి పూఁదోఁట. సుగాత్రిని బెండ్లాడి యత్తవారింటికి వచ్చిన శాలీనుఁడు నగలతో నలంకరించుకొని వచ్చిన భార్యను గన్నెత్తి చూడలేదు. అత్త విసిగి యతనిని దోఁటపనికి నియోగించెను. అతఁ డా పనిని సంతోషముతోఁ జేయుచుండెను. ఒకనాఁ డుఱుములు మెఱపులతో గాలివాన వచ్చినది. భర్త కేమయ్యెనో యని సుగాత్రి తోఁటకుఁ బరువెత్తి, యతఁడు క్షేమముగా నుండుట చూచి, సొమ్ము లన్నియుఁ దీసిపెట్టి యతనితోఁ గలసి మన్ను మోసినది. నగలకుఁ గదలని మగనిమనస్సు నాఁడు కదలినది. ప్రబంధములలోఁ దోఁట యనఁగాఁ జెట్లపేళ్ళ పట్టికయుఁ దుమ్మెదల మ్రోఁతయు నై యుండుట వాడుక. తోఁటను బెంచుటకు మన్ను త్రవ్వవలె నన్నమాట కథకు మలుపైన సన్నివేశము ప్రబంధములలో నరుదు. ఈ కారణముచేతనే నంద్యాలయాస్థానమునకుఁ జెందిన తోఁట ద్వారకలోనిది గాదు, శారదాపీఠములోనిదే యనవలెను.

ఈ మాట చమత్కారమునకుఁ జెప్పినది గాదు. నంద్యాలనుండి యాళ్ళగడ్డకుఁ బోవువానికి నేలయే దీనిని బోధించును. కుందేటిపరీవాహము నల్లరేగడభూమి. వేసవిలో నెఱ్ఱెలు వాఱును. వానలో నడుసై కాలు దిగిపోవును. ఇట్టి నేలలోఁ దుమ్మయు వేఁపయుఁ దమంతఁ దాము బ్రతుకును గాని బాటవెంట వరుసగా నాటిన మొక్కలు బ్రతుకుటకుఁ బాదు చేసి, కంచె కట్టి, కొన్ని వేసవులు నీరు మోయు మనిషి కావలెను. 19వ శతాబ్దమునఁ గర్నూలు–కడప కాలువ వచ్చినపిదప నీటికి గొంత సదుపాయ మేర్పడినది. తూర్పున నల్లమలచరియ వేఱు లోకము. మహానందిలో నూటనీరు కోనేళ్ళనుండి యెడతెగక వెడలి పొలములకుఁ బాఱును. దేవళముచుట్టు నరఁటితోఁటలు దట్టముగా నున్నవి. ఏ రాజాజ్ఞయు లేకయే యిచటి పచ్చదనము నిలిచియుండుటకు నీరే కారణము.

1830 మే నెలలోఁ జెన్నపట్టణమునుండి కాశికి బయలుదేఱిన యేనుగుల వీరాస్వామయ్య కడపమీఁదుగా వచ్చి యహోబలమును మహానందిని సేవించి శ్రీశైలమునకుఁ బోయెను. ఆయన కాశీయాత్రచరిత్ర మజిలీల వసతిని, నీటిని, బాటల స్థితిని గమనించుచుఁ బోవును. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని బరిష్కరించి ప్రకటించిరి. కావ్యములలోఁ జెట్టు పూచును. యాత్రికుని దినచర్యలో నది నీడనిచ్చును. చరిత్రకారునకు రెండవదియే యెక్కువ పనికివచ్చును. నేఁ డాళ్ళగడ్డబాట కర్నూలు–కడపల నడిమి జాతీయరహదారి, నాలుగువరుసలుగా విస్తరింపఁబడినది. బాటను వెడల్పు చేయునపుడు మొదట గొడ్డలికి లోఁబడునవి సాలుచెట్లే. క్రొత్తగా నాటిన మొక్కలు మ్రాఁకులై యెదురెదురు కొమ్మలు కలియుటకు నొక తరము పట్టును.

ఈ సీమలో రాజులకాలపుఁ దోఁట యొకటి మఱియొక విధముగ నిలిచినది. నంద్యాలకుఁ బడమరనున్న బనగానపల్లె 1948 వఱకు నవాబుల సంస్థానము. 2022లో నంద్యాల జిల్లా యేర్పడినపుడు దానిలోఁ జేరినది. ఆ యూరిపేర వెలసిన మామిడి దేశమంతటను బ్రసిద్ధము. 2017లో దానికి భౌగోళికసూచిక లభించినది. దానిపై వెలసిన ప్రబంధము లేదు. కాని మామిడి టెంకను నాటినచోఁ దల్లిగుణము తప్పక వచ్చునని నమ్మరాదు. అందుచేఁ దోఁటవాండ్రు దాని కొమ్మను వేఱొక మొక్కకు నంటుగట్టుదురు. అంటు తీసిన కొమ్మ తల్లిచెట్టు శరీరములోని భాగమే. ఎచ్చటఁ బెరిగినను బనగానపల్లె మామిడి యా మొదటి తోఁటలోని మ్రాఁకే, చేతులు మాఱి వచ్చినది. సప్తసంతానములలో వనమునకు సంతానశబ్ద మెట్లు చెల్లునని సందేహించు విద్యార్థికిఁ జూపుటకుఁ దోఁటవాని యంటుకత్తి చాలును.