కుదువకు పోయిన మెట్ట

ఆంధ్రప్రదేశ్‌లో మొట్టమొదటి కరోనా కేసు బయటపడింది నెల్లూరులోనే. 2020 మార్చి 12న, ఇటలీ నుంచి వచ్చిన ఒక విద్యార్థికి ఆ జబ్బు ఉందని తేలింది. మార్చి 22న జనతా కర్ఫ్యూ. ఆ రోజు డిపోలకు చేరిన ఆర్టీసీ బస్సులు మళ్లీ రోడ్డెక్కింది మే 21న. ఆత్మకూరు డిపోలోనూ ఉదయగిరి డిపోలోనూ రెండు నెలల పాటు బస్సులు కదల్లేదు.

జిల్లాకు పడమటి కొసన ఉన్న ఈ మెట్టకు అప్పట్లో రైలు లేదు. అందరికీ బస్సే ఆధారం. తూర్పున డెల్టాకు పెన్న నీళ్లున్నాయి, తీరానికి రొయ్యల చెరువులున్నాయి. ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు, మర్రిపాడు వైపు మాత్రం వాన పడితే పంట, లేకపోతే వలస. 78 టీఎంసీలు పట్టే సోమశిల జలాశయం ఆత్మకూరుకు దగ్గర్లోనే ఉంది. ఆ నీళ్లలో ఎక్కువ భాగం పల్లానికి పోతాయి, ఉదయగిరి మిట్టకు ఎక్కవు. అందుకే ఇక్కడి మనుషులు తరతరాలుగా బెంగళూరుకో చెన్నైకో హైదరాబాదుకో పోయి, నెల తిరిగేసరికి ఇంటికి నాలుగు డబ్బులు పంపుతారు. ఆ డబ్బుతోనే ఊళ్లో పొయ్యి వెలుగుతుంది, పిల్లల ఫీజు కడతారు, బోరు వేస్తారు. 2020 వేసవిలో ఆ డబ్బు రావడం ఆగిపోయింది. పంపేవాళ్లే మూటాముల్లె సర్దుకుని ఇంటికొచ్చారు.

ఉదయగిరి పేరు చెబితే చదువుకున్నవాళ్లకు దుర్గమే గుర్తొస్తుంది. నెలల తరబడి ముట్టడించి 1514లో గజపతుల చేతి నుంచి శ్రీకృష్ణదేవరాయలు గెలుచుకున్న కోట అది. ఇక్కడి నుంచి తీసుకెళ్లిన బాలకృష్ణ విగ్రహానికే హంపీలో కృష్ణాలయం కట్టించాడు. ఆ వైభవం ఎన్నడో పోయింది. కోట కింద మిగిలిన ఊరికి ఇవాళ బయటి ప్రపంచంలో ఉన్న పేరు చెక్క గరిటెలది, చెంచాలది. దిలావర్‌భాయ్ వీధిలో, చుట్టుపక్కల గల్లీల్లో ముస్లిం కుటుంబాలు ఈ పని చేస్తాయి. దుర్గం కొండల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి చెక్క తెచ్చి, ముక్కలు కోసి, చెక్కి గరిటె ఆకారం తీస్తారు. తర్వాత మొదలవుతుంది అసలు పని. చిటికెన వేలంత సన్నని కాడలో లత అల్లినట్టు చిల్లులు, మెలికలు తీయాలి. సన్నటి రంపం, ఆకురాయి తప్ప యంత్రం ఆ చిల్లుల్లోకి దూరదు. ఒక్కసారి చెయ్యి జారితే కాడ విరుగుతుంది, పూట కష్టం పోతుంది. నున్నగా రుద్దే పని చాలామటుకు ఆడవాళ్లదే. రుద్ది రుద్ది వేళ్ల చివర చర్మం కూడా చెక్కలాగే అరిగి ఉంటుంది. ఈ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఇంత సున్నితమైన సరుకు ఉదయగిరిలో అమ్ముడుపోదు. సంగటి కలుపుకునే ఇంటికి చిల్లుల కాడ గరిటె ఎందుకు? ఈ సరుకు లేపాక్షి షోరూముల్లో, పట్నాల ఎగ్జిబిషన్లలో, మేళాల్లో అమ్ముడుపోవాలి. అంటే జనం గుమిగూడాలి, చేత్తో పట్టుకుని చూడాలి, ముచ్చటపడాలి. లాక్‌డౌన్ సరిగ్గా ఆ గుమిగూడడాన్నే నిషేధించింది. లేపాక్షి తలుపులు మూశారు. ఎగ్జిబిషన్లు ఆగాయి. దేశంలోకెల్లా పెద్ద హస్తకళల సంత సూరజ్‌కుండ్ మేళా 2020 ఫిబ్రవరిలో ముగిసింది, మళ్లీ జరిగింది 2022 మార్చిలో. ఆత్మకూరు పక్కనున్న ఏఎస్ పేట దర్గా మూతపడింది. ప్రార్థనా స్థలాలు తెరవడానికి అనుమతి వచ్చింది జూన్ 8 నుంచి. ఆ ఏడాది నెల్లూరు బారాషహీద్ దర్గాలో రొట్టెల పండగ కూడా లేదు. ఉద్యోగం రొట్టె, వ్యాపారం రొట్టె అని కోరికను బట్టి స్వర్ణాల చెరువులో రొట్టె మార్చుకునే పండగ అది. ఉద్యోగాలూ వ్యాపారాలూ అడుక్కోవలసిన ఏడాదే ఆ పండగ ఆగింది.

పొలం పని చేసేవాళ్లకైనా దిక్కుందా అంటే, అదీ అంతంతమాత్రమే. నిమ్మకాయకు గిరాకీ వచ్చేదే ఎండాకాలంలో. అప్పుడే జ్యూస్ బళ్లు, హోటళ్లు మూతపడ్డాయి. కలిగిరి, డీసీపల్లి పొగాకు వేలాలు ఆగాయి. తిరిగి మొదలయ్యాక ధర పలకలేదు. చివరికి 2020 జూలైలో రాష్ట్ర ప్రభుత్వమే మార్క్‌ఫెడ్‌ను వేలంలోకి దింపి పొగాకు కొనిపించవలసి వచ్చింది. మార్క్‌ఫెడ్ పొగాకు కొనడం అంతకుముందెన్నడూ లేదు.

అదే వేసవిలో ప్రపంచమంతా ఒకే ప్రశ్న వేసుకుంది. ఇది 1930ల నాటి మహా మాంద్యం అవుతుందా? అడగడానికి కారణాలు గట్టివే. 2020 ఏప్రిల్‌లో అమెరికాలో నిరుద్యోగం 14 శాతం దాటింది. మహా మాంద్యం తర్వాత అంత ఎప్పుడూ లేదు. ఏప్రిల్ 20న అక్కడి ముడిచమురు ధర సున్నాకు దిగువకు పడింది. మన దేశంలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా మూడు నెలల్లో ఆర్థిక వ్యవస్థ సుమారు 24 శాతం కుంచించుకుపోయింది. ఒక్క ఏప్రిల్‌లోనే పన్నెండు కోట్ల మంది పని పోగొట్టుకున్నారని సీఎంఐఈ సంస్థ అంచనా కట్టింది.

తర్వాత గీత పైకి లేచింది. అమెరికాలో మాంద్యం రెండు నెలల్లోనే ముగిసిందని అక్కడి నిపుణుల సంఘం తేల్చింది. మన దేశమూ మరుసటి ఏడాదికి కోలుకుంది. మహా మాంద్యం రాలేదని పండితులు పుస్తకం మూసేశారు. నాకు ఆ తీర్పు ఒప్పుకోబుద్ధి కాదు. 1930ల మాంద్యం మన పల్లెల మీదికి ఎలా వచ్చిందో తెలిసినవాళ్లెవరూ ఒప్పుకోకూడదని నా అభిప్రాయం.

అప్పట్లో అమెరికాలో ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, నలుగురిలో ఒకరికి పని లేకపోయింది. మద్రాసు రాజధానిలో, అంటే మన నెల్లూరు కూడా ఉన్న ఆ పాత రాష్ట్రంలో, పంటలు ఎప్పటిలాగే పండాయి. నేల నేలలాగే ఉంది. ధాన్యం ధర మాత్రం సగానికి పడిపోయింది. శిస్తు ఆ మేరకు తగ్గలేదు, వడ్డీ తగ్గలేదు. నిన్న పది బస్తాలమ్మి తీర్చగలిగిన బాకీకి ఇవాళ ఇరవై బస్తాలమ్మాలి. రాజధాని మొత్తంలో రైతుల అప్పు 150 కోట్ల రూపాయలని 1930లో బ్యాంకింగ్ విచారణ సంఘం లెక్క వేసింది. 1935లో సత్యనాథన్ అనే ఐసీఎస్ అధికారి మళ్లీ లెక్క తీస్తే అది 200 కోట్లు దాటింది. ఆ అప్పు తీర్చడానికి ఇంట్లో ఆడవాళ్ల ఒంటి మీది బంగారం కదిలింది. 1931 తర్వాత భారతదేశం నుంచి కోట్ల రూపాయల బంగారం ఓడలెక్కి లండన్‌కు పోయింది. గ్రామాల్లో తాళిగొలుసులు, కంకణాలు కరిగించి కడ్డీలు పోసిన బంగారం అది. ఉత్పత్తి లెక్కలు మాత్రమే చూసిన ఆర్థికవేత్తకు ఆ పదేళ్లలో ఇండియాలో పెద్ద ప్రమాదమేదీ కనబడదు. మన మాంద్యం ఎప్పుడూ అప్పు రూపంలోనే వచ్చింది, బంగారం రూపంలోనే పోయింది.

ఇప్పుడు 2020కి రండి. ఆగస్టు 6న రిజర్వ్ బ్యాంకు ఒక నిర్ణయం చెప్పింది. బంగారం కుదువ పెడితే అంతవరకు దాని విలువలో 75 శాతం దాకా అప్పు ఇచ్చే బ్యాంకులు 2021 మార్చి ఆఖరు దాకా 90 శాతం ఇవ్వొచ్చని. మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు. అప్పుడు బంగారం ధర కూడా ఆకాశాన్ని అంటుతోంది. బెంగళూరు నుంచి తిరిగొచ్చి ఖాళీగా కూర్చున్న కొడుకు, అమ్ముడుపోని గరిటెల మూట, కట్టవలసిన పొదుపు సంఘం కంతు, వీటి మధ్య ఇంటి ఇల్లాలు చేయగలిగిన పని ఒక్కటే. మెడలోది తీసి బ్యాంకు కౌంటర్ మీద పెట్టింది. ధర బాగున్నప్పుడు తొంభై శాతం అప్పిచ్చారు, ధర తగ్గగానే ఆ అప్పుకు బంగారం చాలని స్థితి వచ్చింది. 2021లో తెలుగు పత్రికల్లో పేజీలకు పేజీలు బంగారు నగల వేలం ప్రకటనలు వచ్చాయి. సన్నటి అక్షరాల్లో ఖాతా నంబర్లు, వరసకు వరస. ఆ పేజీ తిప్పేయకుండా చదివిన ఆర్థికవేత్తలు ఎంతమంది ఉంటారు?

ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చుందని నేను అనను. రేషన్ బియ్యం ఉచితంగా ఇచ్చారు. ఏప్రిల్ మొదట్లో వాలంటీర్లు పేద కుటుంబాలకు వెయ్యి రూపాయలు ఇంటికి తెచ్చి ఇచ్చారు. జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్లకు మూడు నెలలు ఐదేసి వందలు పడ్డాయి. ఉపాధి హామీ కూలి మన రాష్ట్రంలో రోజుకు 237 రూపాయలైంది. ఆ పని లేకపోతే ఆ వేసవి మెట్ట పల్లెల్లో ఆకలి చావులు చూసేవాళ్లం. నా నమ్మకం అది. కానీ ఎలక్ట్రీషియన్లు, డ్రైవర్లు, హోటల్ మాస్టర్లు పార పట్టుకుని చెరువు కట్ట మీద మట్టి తీశారు. వేలితో నాజూకు కాడ చెక్కే మనిషి గంప మోశాడు. దేశంలో పనిచేసేవారిలో వ్యవసాయంలో ఉన్నవారి వాటా 2018-19లో 42.5 శాతం ఉంటే, 2020-21కి 46.5 శాతానికి పెరిగింది. దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చిన వాటా అది. బతుకు వెనక్కి నడిచిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఈ గాథలో మరో మనిషి ఉన్నాడు. అప్పటి పరిశ్రమల మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి. మర్రిపాడు మండలం బ్రాహ్మణపల్లి వాళ్ల ఊరు, ఆత్మకూరు ఆయన గెలిచిన నియోజకవర్గం. మాంచెస్టర్‌లో టెక్స్‌టైల్స్ చదువుకొచ్చినవాడు. లాక్‌డౌన్‌లో మూలపడిన చిన్న పరిశ్రమల కోసం 2020 మే 22న రాష్ట్రం మొదలుపెట్టిన రీస్టార్ట్ ప్యాకేజీ ఆయన శాఖదే. 1,100 కోట్ల రూపాయలకు పైగా మొత్తం. ఏళ్ల తరబడి ఇవ్వని రాయితీల బకాయిలు చెల్లించారు, మూడు నెలల కరెంటు స్థిర ఛార్జీలు మాఫీ చేశారు. ఎన్నో యూనిట్లు దానితో ఊపిరి పీల్చుకున్నాయి. అయితే రంపం, ఆకురాయి పెట్టుకుని ఇంటి అరుగు మీద పనిచేసేవాడికి పరిశ్రమల శాఖ నుంచి రావలసిన బకాయి ఉండదు, మాఫీ చేయడానికి స్థిర ఛార్జీ మీటరు ఉండదు. సొంత జిల్లా మంత్రి చేతి మీదుగా వెళ్లిన సాయం సొంత ఊళ్ల వీధిలోకి రాలేదు. ఆయన తప్పని కాదు. పరిశ్రమ అంటే షెడ్డు, మీటరు, రిజిస్ట్రేషను అని రాసుకున్న చట్టంలోనే వాళ్లకు చోటు లేదు. ఆ ఏడాది ఆగస్టులోనే కేంద్రం అఖిల భారత హస్తకళల బోర్డును రద్దు చేసింది. నవంబరులో వచ్చిన జగనన్న తోడు కింద చిరువ్యాపారులకు, తర్వాత చేతివృత్తులవాళ్లకు వడ్డీ లేని పదివేలు ఇచ్చారు. మంచిదే. అదీ అప్పే.

అదే నవంబరులో సోమశిల హైలెవెల్ కాలువ రెండో దశకు శంకుస్థాపన జరిగింది. ఉదయగిరి మిట్టకు నీళ్లెక్కించే పథకం అది. ఆ నీళ్లు చూడకుండానే 2022 ఫిబ్రవరి 21న గౌతమ్‌రెడ్డి గుండెపోటుతో హైదరాబాద్‌లో పోయారు. రాష్ట్రానికి పెట్టుబడుల కోసం దుబాయ్ ఎక్స్‌పోకు వెళ్లి తిరిగొచ్చి రోజులే అయింది. వయసు యాభై. ఫిబ్రవరి 23న ఉదయగిరిలో, వాళ్ల కుటుంబం నడిపిన ఇంజనీరింగ్ కాలేజీ ఆవరణలో అంత్యక్రియలు జరిగాయి. దుర్గం కొండ కింద జనం ఏడ్చారు. ఆ ఏడాది సెప్టెంబరులో ప్రారంభమైన సంగం బ్యారేజీకి ఆయన పేరు పెట్టారు.

ఇప్పుడు ప్రభుత్వాన్ని అడగవలసింది ఒకటుంది. సత్యనాథన్ నివేదిక వచ్చిన మూడేళ్లకు, 1938లో, రాజాజీ ప్రభుత్వం మద్రాసు రైతుల రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరుకు ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు దాకా పేరుకున్న వడ్డీని ఆ చట్టం కొట్టేసింది. మాంద్యం మోపిన భారాన్ని ఒక తేదీ గీసి వేరు చేసి, దించారు. పరాయి పాలనలో, గుర్రబ్బండ్ల మీద తిరిగి లెక్క రాసుకునే కాలంలో అది సాధ్యమైంది. ఇవాళ ప్రతి కుదువ చీటీ కంప్యూటర్లో ఉంది. 2020 మార్చి నుంచి 2021 డిసెంబరు దాకా ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో బంగారం మీద, పొదుపు సంఘాల్లో, ప్రైవేటు ఫైనాన్సుల్లో చేసిన అప్పు ఎంత, అందులో వేలానికి పోయింది ఎంత, మండలాల వారీగా లెక్క తీసి ప్రజల ముందు పెట్టాలి. ఆ వ్యవధిలో చేసిన అప్పుల మీద ఇంకా నడుస్తున్న వడ్డీని రద్దు చేయాలి. శాసనసభలో ఈ ప్రాంతం తరఫున కూర్చున్నవారు ఈ లెక్క అడగాలి, వాళ్లు అడిగేదాకా మనం వాళ్లను అడగాలి.