చేష్టానాడుల వ్యాధి: ఒక జన్యువు కథ

చేయి ఎత్తవలెనన్నా, మాటాడవలెనన్నా, ఊపిరి పీల్చవలెనన్నా కండరములకు ఆజ్ఞ అందవలెను. ఆ ఆజ్ఞలను మెదడునుండి, వెన్నుపామునుండి చేరవేయునవి చేష్టానాడీకణములు. ఇవి క్రమముగా నశించుటయే ‘మోటార్ న్యూరాన్’ వ్యాధి. కండరములు చిక్కిపోవును. చాలమంది కొద్ది సంవత్సరములలోనే శ్వాస ఆడక మరణింతురు.

ఈ వ్యాధిని మొదట స్పష్టముగా వర్ణించినవాడు ఫ్రెంచి వైద్యుడు షార్కో. పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆస్పత్రిలో ఆయన రోగుల లక్షణములను వ్రాసియుంచి, మరణానంతరము వారి వెన్నుపాములను సూక్ష్మదర్శినితో పరీక్షించేవాడు. ముందుభాగపు కణములు క్షీణించుట, ప్రక్కభాగములు గట్టిపడుట 1869లో గమనించినాడు. 1874లో ఆయన పెట్టిన పేరు ‘ఎమియోట్రోఫిక్ లేటరల్ స్క్లెరోసిస్’. కాని కణములెందుకు చచ్చుచున్నవో అప్పటికి తెలియలేదు.

రోగులలో నూటికి సుమారు పదిమందికి ఇది వంశపారంపర్యముగా వచ్చును. అట్టి కుటుంబములను పరిశీలించి, 1993లో శాస్త్రజ్ఞులు 21వ క్రోమోసోముపై ‘సాడ్-1’ అను జన్యువులో దోషములను కనుగొన్నారు. ఈ జన్యువు తయారుచేయించు ఎంజైము ఆమ్లజని నుండి పుట్టు ఒక హానికర పదార్థమును తొలగించును. కనుక ఎంజైము పని తగ్గుటవలననే కణములు చచ్చుచున్నవని తొలుత తోచినది.

ఎలుకలు ఈ ఊహను త్రోసివేసినవి. 1994లో దోషమున్న మానవ జన్యువును చుంచెలుకలలో చేర్చగా, వాటి సొంత ఎంజైము చక్కగానే ఉన్నను పక్షవాతము వచ్చినది. 1996లో ఆ జన్యువును పూర్తిగా తీసివేసిన ఎలుకలకు ఈ వ్యాధి రాలేదు. అనగా లోపించినది మేలు కాదు. దోషయుక్తమైన ప్రోటీనే విషమగుచున్నది. అట్లయిన చికిత్స ఎంజైమును పెంచుట కాదు, తగ్గించుట.

ఈ తర్కమునుండియే ‘టోఫర్సెన్’ పుట్టినది. జన్యువు ఆదేశమును మోయు ఆర్.ఎన్.ఏ.కు ఇది అతుకుకొని దానిని నాశనము చేయించును. ప్రోటీను తయారీ తగ్గును. మందును నడుము వద్ద వెన్నుపాము చుట్టునున్న ద్రవములోనికి ఎక్కింతురు. 2022లో వెలువడిన ప్రయోగ ఫలితములలో, 28 వారములకు రోగుల శక్తి క్షీణించుటలో నిశ్చయమైన తేడా కానరాలేదు. కాని నాడులు దెబ్బతినుటను సూచించు ‘న్యూరోఫిలమెంట్’ రక్తములో తగ్గినది. దీని ఆధారముగా 2023లో అమెరికా షరతులతో అనుమతించినది.

సాడ్-1 దోషము గలవారు మొత్తము రోగులలో నూటికి ఇద్దరు మాత్రమే. తక్కినవారికి 1995లో అమెరికాలో అనుమతి పొందిన రిలుజోల్ ఆయువును కొద్ది నెలలు పొడిగించును. వారిలో అత్యధికుల నాడీకణములలో ‘టి.డి.పి.-43’ అను మరొక ప్రోటీను పేరుకొనునని 2006లో తెలిసినది. ఆ ప్రోటీను ఏల పేరుకొనుచున్నది, అది పేరుకొనుటవలన కణమునకు నష్టము ఎట్లు కలుగుచున్నది అను ప్రశ్నలకే నేడు ప్రయోగశాలలు సమాధానము వెదకుచున్నవి.