గ్యాలరీ ముందా, ప్రేక్షకులు ముందా?

మన పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్లు నిండిన ఈ వేళ, బడి మైదానానికి ఏం చేద్దామన్న చర్చ సంఘంలో జోరుగా సాగుతోంది. పెద్ద గ్యాలరీ కట్టి, దాని మీద స్వర్ణోత్సవ శిలాఫలకం పెడదామని కొందరు మిత్రులు అంటున్నారు. ముందు నేల చదును చేయించి, పిల్లలు రోజూ ఆడేలా చూద్దామని మరికొందరు అంటున్నారు. నేను సివిల్ ఇంజనీర్ని. కట్టడమంటే సహజంగానే మనసు అటు లాగుతుంది. అయినా ఈ చర్చకు పనికొచ్చే ఒక చరిత్ర నాకు తెలుసు. 1994లో ఎమ్మెస్ చదవడానికి అమెరికాలోని ఐడహో యూనివర్సిటీకి వెళ్లాను. అక్కడి ఫుట్‌బాల్ జట్టుకు అభిమానినయ్యాను. అప్పటి నుంచి ఆ జట్టు ఎత్తుపల్లాలను గమనిస్తూనే ఉన్నాను. అది చెప్పడానికే ఈ వ్యాసం.

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనం అనుకునే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే మోటు ఆట. ఆటగాళ్ల మరణాలు ఎక్కువ కావడంతో 1905లో సాక్షాత్తూ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కాలేజీల వాళ్లను పిలిచి మాట్లాడాల్సి వచ్చింది. ఆ అలజడిలోంచే 1906లో కాలేజీ క్రీడల జాతీయ సంఘం పుట్టింది. దాన్నే ఇప్పుడు ఎన్‌సీఏఏ అంటున్నాం. ఆట ఎంత మోటుదైనా జనం మాత్రం విరగబడి వచ్చేవారు. హార్వర్డ్ వాళ్లు 1903లోనే రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటుతో స్టేడియం కట్టారు. మా వృత్తిలో అదొక మైలురాయి. 1914లో యేల్ వాళ్లు గిన్నె ఆకారంలో ఏకంగా 70,000 మంది పట్టే స్టేడియం కట్టారు. జనం ముందు వచ్చారు, కాంక్రీటు తరువాత వచ్చింది. ఈ వరస గుర్తుంచుకోవాలి.

కాలక్రమంలో అన్ని కాలేజీలనూ ఒకే గాటన కట్టడం కుదరలేదు. 1973లో ఎన్‌సీఏఏ కాలేజీలను మూడు డివిజన్లుగా విడదీసింది. మూడో డివిజన్లో ఆట కోసం స్కాలర్‌షిప్పులు ఉండవు. 1978లో ఒక్క ఫుట్‌బాల్ వరకు మొదటి డివిజన్ను మళ్లీ రెండుగా చీల్చారు. పెద్దవాళ్లది వన్-ఏ, కాస్త చిన్నవాళ్లది వన్-డబుల్ ఏ. 2006 నుంచి వీటినే ఎఫ్‌బీఎస్, ఎఫ్‌సీఎస్ అంటున్నారు. పై మెట్టులో జట్టుకు 85 స్కాలర్‌షిప్పులు, కింది మెట్టులో 63 అన్నది చాలా కాలం నడిచిన లెక్క. పై మెట్టులో నిలవాలంటే స్టేడియంలో ఇన్ని సీట్లుండాలి, మ్యాచ్‌కు సగటున ఇంతమంది రావాలి అని నిబంధనలు పెట్టారు. ఆ నిబంధనలు బిగుసుకున్నాక, 1982లో హార్వర్డ్, యేల్ ఉన్న ఐవీ లీగ్ మొత్తం కింది మెట్టుకు వచ్చేసింది. అందువల్ల హార్వర్డ్ పరువు ఏమైనా తగ్గిందా? మన పిల్లల్ని అడగండి.

అంతకంటే ముందే చికాగో యూనివర్సిటీ ఇంకా పెద్ద నిర్ణయం తీసుకుంది. ఒకప్పుడు ఫుట్‌బాల్‌లో అది మహా జట్టు. దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ మొట్టమొదట, 1935లో, దక్కింది చికాగో ఆటగాడు జే బెర్వాంగర్‌కే. నాలుగేళ్లకే, 1939లో, మిషిగన్ చేతిలో 85–0 తేడాతో ఓడిపోయింది. ఆ ఏడాదే అధ్యక్షుడు రాబర్ట్ హచిన్స్ హయాంలో ఫుట్‌బాల్‌ను పూర్తిగా మానేశారు. ఖాళీ పడిన ఆ స్టేడియం గ్యాలరీ కిందే 1942 డిసెంబర్ 2న ఎన్రికో ఫెర్మీ బృందం ప్రపంచంలో మొదటి నియంత్రిత అణు గొలుసు చర్య సాధించింది. ఇప్పుడు ఆ స్థలంలో పెద్ద లైబ్రరీ ఉంది. ఫుట్‌బాల్ మళ్లీ 1969లో మొదలైంది, కానీ తమకు తగిన స్థాయిలో.

ఇక మా ఐడహో కథ. ఐడహో యూనివర్సిటీ ఉన్న ఊరి పేరు మాస్కో. రష్యాది కాదు, ఇరవై అయిదు వేల జనాభా ఉన్న చిన్న ఊరు, చుట్టూ గోధుమ పొలాలు. అక్కడి పాత చెక్క స్టేడియం 1969లో కాలిపోయింది. అదే చోట 1971లో కాంక్రీటు స్టేడియం వచ్చింది. చలికీ మంచుకూ తట్టుకోవడానికి 1975లో దానిపై కప్పు వేశారు. 400 అడుగుల వెడల్పున, మధ్యలో ఒక్క స్తంభం లేకుండా నిలిచిన చెక్క ఆర్చి కప్పు అది. దాని పేరు కిబ్బీ డోమ్. మొదటిసారి చూసినప్పుడు ఆట సంగతి మరచి కప్పు వంకే చూస్తూ కూర్చున్నాను. అందులో పట్టేది 16,000 మంది.

అదే రాష్ట్రంలో, దాదాపు 300 మైళ్ల దూరంలో, రాజధాని బోయిసీలో మరో యూనివర్సిటీ ఉంది. అది 1932లో జూనియర్ కాలేజీగా మొదలైంది. 1970లో 14,500 మంది పట్టే స్టేడియం కట్టుకుంది. 1975లో పై అంతస్తు చేర్చింది. 1986లో మైదానంలో నీలం రంగు కృత్రిమ గడ్డి పరిచి దేశమంతా తనవైపు చూసేలా చేసుకుంది. ఈ రెండు జట్ల పోటీ అన్నదమ్ముల పంతం లాంటిది. 1982 నుంచి 1993 వరకు వరసగా పన్నెండేళ్లు ఐడహోదే గెలుపు.

1996లో రెండూ కలిసి పై మెట్టుకు ఎక్కాయి. నేను కోర్సు ముగించిన ఏడాది కూడా అదే. క్యాంపస్‌లో అప్పటి ఉత్సాహం అంతా ఇంతా కాదు. కానీ 30,000 సీట్లు, సగటున 17,000 మంది ప్రేక్షకులు అన్న నిబంధన ముందుంది. 16,000 పట్టే డోమ్‌లో 17,000 మందిని ఎలా చూపిస్తారు? అందుకే 1999, 2000 సీజన్లలో ఐడహో తన సొంత మ్యాచ్‌లను ఎనిమిది మైళ్ల అవతల, పక్క రాష్ట్రపు యూనివర్సిటీ స్టేడియంలో ఆడుకుంది. సొంత ఇల్లుండగా పక్కింట్లో పెళ్లి చేసినట్టయింది. బోయిసీ 1997లో తన స్టేడియాన్ని 30,000 సీట్లకు పెంచుకుంది. ఊరు పెరుగుతోంది, జనం వస్తున్నారు, సీట్లు నిండాయి. 2007 జనవరి 1న ఫియెస్టా బౌల్‌లో ఓక్లహోమా అంతటి జట్టును 43–42తో ఓడించింది. 1999 నుంచి 2010 దాకా పన్నెండేళ్లు ఐడహోపై వరసగా గెలిచి పాత బాకీ తీర్చుకుంది. ఆ తరువాత ఆ పోటీయే ఆగిపోయింది.

ఐడహోలో పట్టుదల లేక ఇలా జరగలేదు. ఊరు చిన్నది. పక్కనే పెద్ద జట్టున్న మరో యూనివర్సిటీ ఉంది. దగ్గరి లీగుల్లో చోటు దొరక్క, దేశానికి మరో మూలన దక్షిణాది రాష్ట్రాల జట్లున్న సన్ బెల్ట్ లీగ్‌లో చేరాల్సి వచ్చింది. లూజియానా, అలబామా జట్లతో మాస్కో వాళ్లకు ఏం పంతం ఉంటుంది? పంతం లేని చోటికి ప్రేక్షకుడు రాడు. పాత లీగ్‌లో మోంటానా వంటి ఇరుగుపొరుగు జట్లతో ఆడినప్పుడు ఉన్న వేడి పోయింది. సన్ బెల్ట్‌లో కూడా చోటు పోతున్నదని తేలాక, 2016 ఏప్రిల్‌లో అధ్యక్షుడు చక్ స్టాబెన్ కింది మెట్టుకు తిరిగి వెళ్తున్నామని ప్రకటించారు. పూర్వ విద్యార్థులు, దాతలు చాలామంది భగ్గుమన్నారు. విచిత్రమేమిటంటే ఆ ఏడాదే జట్టు బాగా ఆడి, బోయిసీ నీలం మైదానంలోనే జరిగిన బౌల్ మ్యాచ్ గెలిచింది. అయినా నిర్ణయం మారలేదు. 2018లో ఐడహో పాత లీగ్‌కు తిరిగొచ్చింది. పై మెట్టు నుంచి తనంతట తాను దిగివచ్చిన మొదటి జట్టు అదే.

తరువాత ఏమైంది? 2022లో 1995 తరువాత మొదటిసారి ప్లేఆఫ్‌కు చేరింది. 2023లో క్వార్టర్ ఫైనల్ ఆడింది. మునుపటి పొరుగు జట్లు మళ్లీ వస్తున్నాయి, వాటితో పాటే ఆ వేడీ వచ్చింది. 2021లో బాస్కెట్‌బాల్ కోసం సుమారు 4,000 మంది పట్టే కొత్త అరీనా కట్టారు. దానికి వాడిన కలపలో కొంత యూనివర్సిటీ సొంత అడవి నుంచే తెచ్చారు. చిన్నదే, కానీ నిండుగా కనిపించే కట్టడం.

అభిమానిగా నా అభిప్రాయం ఇది. దిగిరావడం ఓటమి కాదు, కొలత సరిచూసుకోవడం. పులిని చూసి నక్క వాత పెట్టుకుంటే వాతే మిగులుతుంది. హాజరు నిబంధన ఉద్దేశం మంచిదే, కానీ కొన్ని చోట్ల అంకె నింపడమే పనైపోయింది. 2023లో ఎన్‌సీఏఏ ఆ నిబంధనను ఎత్తేసింది, పై మెట్టు ఎక్కే రుసుమును మాత్రం 5,000 డాలర్ల నుంచి 50 లక్షల డాలర్లకు పెంచింది. అంటే గుమ్మం దగ్గర ఇప్పుడు మనుషుల్ని లెక్కపెట్టరు, డబ్బు లెక్కపెడతారు. ఇది నాకు నచ్చలేదు. జట్టుకు ఊరు అండగా ఉందా లేదా అన్న ప్రశ్న పాత నిబంధనలో కనీసం ఉండేది.

ఇప్పుడు మన మైదానం సంగతి. బోయిసీ ఒక్కసారిగా పెద్దది కట్టలేదు, జనం పెరిగే కొద్దీ పెంచుకుంది. ఐడహో తన పొరుగు పోటీలను పోగొట్టుకుని నష్టపోయింది, వాటిని తిరిగి తెచ్చుకుని నిలదొక్కుకుంది. కాబట్టి సంఘానికి నా మనవి మూడు మాటలు. ముందు నేల చదును, నీటి వసతి, ఏడాది పొడవునా వ్యాయామ ఉపాధ్యాయుడు. రెండోది, చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ల బడులతో ప్రతి ఏటా జరిగే కబడ్డీ, వాలీబాల్ పోటీలు, వాటికి తల్లిదండ్రులకు ఆహ్వానం. మూడోది, మూడు వరసల చిన్న గ్యాలరీ, చెట్ల నీడన. అది నిండి జనం నిలబడి చూసే రోజు వస్తే పై వరసలు అప్పుడే వేసుకోవచ్చు. దానికి కావలసిన పునాదిని మాత్రం ఇప్పుడే వేద్దాం. డ్రాయింగు, ఎస్టిమేటు నేను ఉచితంగా చేసి ఇస్తాను.