పెంటకుప్ప చెప్పే చరిత్ర

ఒప్పంద కూలీలుగా మారిషస్‌కు వచ్చిన మన పూర్వుల పేర్లు, వయస్సులు, స్వగ్రామాలు దస్తావేజులలో ఉన్నాయి. అవి నేడు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. కాని వారు వెంట తెచ్చుకున్న సేద్యపు తెలివి వాటికి ఎక్కలేదు. దాని గుర్తు ఇంటి వెనుక పెంటకుప్పలో వెదకాలి.

ఆంధ్రదేశపు రైతుకు పెంట పొలానికి పెట్టుబడి. పేడ, కొట్టం ఊడ్చిన చెత్త, పొయ్యి బూడిద ఏడాది పొడుగునా మాగబెట్టి, తొలకరికి ముందు బండ్లతో చేలకు తోలేవారు. కోతలైన పొలంలో గొర్రెల మందను రాత్రులు నిలిపించి, కాపరికి ధాన్యం కొలిచేవారు.

ఈ ద్వీపంలో చెరకు తోటల నడుమ మన వారికి మేతబీళ్లు కరువు. అందుచేత ఆవును పాకలోనే కట్టి, చెరకు కొసలూ గడ్డీ కోసి తెచ్చి మేపారు. భోజ్‌పురీ, తమిళ కుటుంబాలవారూ ఇట్లే చేశారు. ఇందులో ఒక విశేషముంది. పశువు తిన్న నత్రజనిలో సుమారు నాలుగింట మూడు వంతులు పేడ, మూత్రాలుగా తిరిగి వస్తుంది. భాస్వరం ఎక్కువగా పేడలోను, పొటాష్ ఎక్కువగా మూత్రంలోను ఉంటాయి. పాకలో కట్టిన పశువు వద్ద ఇదంతా ఒకేచోట చిక్కుతుంది. ఎండుటాకు పరిస్తే మూత్రమూ ఇంకుతుంది. విడిచిపెడితే నత్రజని కొంత అమోనియాగా గాలిలో కలుస్తుంది, పొటాష్ వానకు కొట్టుకుపోతుంది. ఇందూరులో ఆల్బర్ట్ హోవర్డ్, యశ్వంత్ వాడ్ మూత్రం ఇంకిన మట్టిని సైతం కంపోస్టులో వాడి, ఆ పద్ధతిని 1931లో గ్రంథంగా ప్రకటించారు.

19వ శతాబ్దం మధ్యభాగంలో తోటల యజమానులు పెరూ గ్వానోను ఓడలపై తెప్పించుకున్నారు. కూలీ ఇంటి ఆవు మాత్రం యజమాని పొలంలోని సారాన్ని చెరకు కొసల ద్వారా కూలీ పెరటికి చేర్చింది. నేల పరాయిదైనా ఆ సారం మన వారిదయింది. 1880 ప్రాంతం నుండి పెద్ద తోటలు ముక్కలుగా అమ్ముడుపోయినప్పుడు, భారతీయులు కొన్న రాతినేలలకు పశువుల ఎరువు ఎంతో అవసరమయింది. 1901లో సుర్రా వ్యాధి సోకి ఎడ్లు, కంచరగాడిదలు పెద్దసంఖ్యలో చచ్చినప్పుడు, లాగే బలంతోపాటు ఎరువు కూడా తరిగింది.

2022లో ప్రపంచమంతటా రసాయనిక ఎరువుల ధరలు మండిపోయాయి. అప్పటికే మన పల్లెలలో పశువుల పాకలు చాలావరకు ఖాళీ అయినాయి. పాక ఎట్లా కట్టేవారో, పెంట ఎన్నాళ్లు మాగేదో చెప్పగల అవ్వతాతలు ఇంకా కొందరున్నారు. వారి మాటలను తెలుగులో వ్రాసి ఉంచడం మనందరి బాధ్యత. దస్తావేజులు విడిచిన పుటను మనమే పూరించాలి.